విద్యార్థుల రేస్ కారుకు గట్టి వీల్ హబ్‌లు, అప్‌రైట్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్ములా ఎస్‌ఏఈ, ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలకు సింగిల్ సీటర్ కారు కట్టే టీముల కోసం ఈ పేజీ. లెక్కలన్నిటికీ ఒకే కారును ఉదాహరణగా తీసుకున్నాం. డ్రైవర్‌తో కలిపి బరువు 290 కిలోలు, గురుత్వ కేంద్రం ఎత్తు 300 మి.మీ., ట్రాక్ (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) 1200 మి.మీ., వీల్‌బేస్ (ముందు వెనక ఇరుసుల మధ్య దూరం) 1550 మి.మీ., టైరు వ్యాసార్ధం 230 మి.మీ., బరువు ముందు వెనకలకు సరిసమానం, టైరు పట్టు (రాపిడి గుణకం) 1.5. మీ కారు అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి జవాబులు ఎత్తి రాసుకోకుండా మీ అంకెలతో మళ్లీ వేసుకోండి.

హబ్ ఏది, అప్‌రైట్ ఏది?

చక్రంతో పాటు తిరిగేది హబ్. తిరగకుండా దాన్ని పట్టుకుని ఉండేది అప్‌రైట్. రెండింటి మధ్య బేరింగులు ఉంటాయి. రిమ్, బ్రేక్ డిస్క్ హబ్‌కు బిగుస్తాయి. క్యాలిపర్ (డిస్క్‌ను పట్టే బ్రేక్ భాగం), విష్‌బోన్లు (సస్పెన్షన్ చేతులు), టై రాడ్ (చక్రం దిశను పట్టి ఉంచే కడ్డీ) అప్‌రైట్‌కు బిగుస్తాయి. టైరు నేల నుంచి తెచ్చే ప్రతి బలమూ ఈ రెండింటి గుండానే ఛాసిస్‌కు చేరాలి, వేరే దారి లేదు.

డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

అప్‌రైట్ బొమ్మ గీయడంతో మాత్రం కాదు. ముందు సస్పెన్షన్ జ్యామితి తేలాలి. అంటే పై, కింది బాల్ జాయింట్లు (విష్‌బోన్లు అప్‌రైట్‌ను కలిసే చోట్లు), టై రాడ్ పాయింట్ పొడవు, వెడల్పు, ఎత్తుల్లో ఎక్కడ ఉన్నాయో ఖరారు కావాలి. తర్వాత రిమ్ లోపలి ఖాళీ, అందులో క్యాలిపర్, డిస్క్ పట్టే చోటు. ఆ తర్వాత బేరింగుల సైజు, వాటి మధ్య దూరం. అప్పుడు హబ్. ఇవన్నీ కుదిరాక వాటిని కలిపే లోహమే అప్‌రైట్. అందరికీ ముందు గీయాలనిపించేది అప్‌రైటే, ఎందుకంటే చూడటానికి అదే అందంగా ఉంటుంది. కానీ వరసలో దాని స్థానం చివర.

రిమ్ లోపల క్యాలిపర్‌కు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. మలుపులో రిమ్ కూడా వంగుతుంది, చిన్న రాయి కూడా ఇరుక్కోవచ్చు.

లోడ్లు ఎలా లెక్కపెట్టాలి?

కాగితం మీద. సాఫ్ట్‌వేర్ తర్వాత.

నిలబడి ఉన్నప్పుడు మన కారులో ఒక్కో చక్రం మీద సుమారు 711 న్యూటన్లు. 1.5 జీ (గురుత్వ త్వరణానికి 1.5 రెట్లు) మలుపులో మొత్తం బరువు బదిలీ 290 × 1.5 × 9.81 × 300 ÷ 1200, అంటే 1067 న్యూటన్లు. ముందు వెనక ఇరుసులు దాన్ని చెరి సగం పంచుకున్నాయనుకుంటే బయటి చక్రం మీద 711 + 533 = 1244 న్యూటన్లు పడతాయి. టైరు పట్టు 1.5 కాబట్టి నేల దగ్గర పక్కకు నెట్టే బలం 1867 న్యూటన్లు. ఆ బలం హబ్ మధ్య రేఖకు 230 మి.మీ. కింద పనిచేస్తోంది. అంటే హబ్‌ను వంచే మూమెంట్ సుమారు 429 న్యూటన్ మీటర్లు. చక్రం బేరింగులకు కాస్త బయటికి ఉండటం వల్ల నిలువు లోడ్ దీన్ని కొంచెం తగ్గిస్తుంది. భద్రత కోసం మొదటి లెక్కలో దాన్ని వదిలేయవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. రెండు బేరింగుల మధ్య దూరం 50 మి.మీ. అయితే ఈ మూమెంట్‌ను మోయడానికి ఒక బేరింగ్ పైకి, ఇంకొకటి కిందికి చెరో 8600 న్యూటన్లు తోయాలి. చక్రం మీద ఉన్న నిలువు బరువుకు ఇది దాదాపు 7 రెట్లు! కారు బరువును నాలుగుతో భాగించి బేరింగ్ ఎంచుకున్నవాళ్లు పొరబడేది ఇక్కడే. హబ్, బేరింగ్, అప్‌రైట్ డిజైన్ మొత్తాన్ని నడిపేది ఈ వంచే మూమెంట్. బరువు అంత ముఖ్యం కాదు.

బ్రేక్ వేసినప్పుడు: 1.5 జీ దగ్గర ముందు చక్రం మీద నిలువుగా 1124 న్యూటన్లు, వెనక్కి లాగే బలం 1686 న్యూటన్లు, బ్రేక్ టార్క్ 388 న్యూటన్ మీటర్లు. ప్యాడ్ డిస్క్‌ను పట్టే సగటు వ్యాసార్ధం 85 మి.మీ. అయితే క్యాలిపర్ బోల్టుల మీదికి 4560 న్యూటన్లు వస్తాయి. క్యాలిపర్ చెవులను సన్నగా చేసి బరువు తగ్గించాలనుకునే ముందు ఈ అంకె ఒకసారి చూడండి.

ఈ రెండు గాక మలుపులో బ్రేక్ వేసే కేసు, మలుపు నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కే కేసు, గుంతలో పడే కేసు విడిగా చూడాలి. గుంతకు నిలువుగా 3 జీ తీసుకోవడం చాలా టీముల అలవాటు. చదునైన ట్రాక్‌కు అది కాస్త ఎక్కువే అయినా, కారు ఒకసారి ట్రాక్ దాటి పక్కకు పోతే ఆ ఎక్కువే కాపాడుతుంది.

బ్రేక్ బలం, ఇంజిన్ లాగే బలం రెండూ నేల దగ్గర పుట్టేవే కదా, అప్‌రైట్‌కు తేడా ఏముంది?

చాలా తేడా ఉంది. క్యాలిపర్ అప్‌రైట్ మీదే ఉంటే, బ్రేక్ పట్టిన క్షణంలో చక్రం, అప్‌రైట్ ఒకే ముక్కలా పనిచేస్తాయి. కాబట్టి బలం నేల మట్టంలోనే అప్‌రైట్‌కు తగిలినట్టు లెక్క. కింది బాల్ జాయింట్ నేలకు 120 మి.మీ., పైది 320 మి.మీ. ఎత్తులో ఉంటే, 1686 న్యూటన్ల బ్రేక్ బలానికి కింది జాయింట్ మీద 2700 న్యూటన్లు, పై జాయింట్ మీద దానికి ఎదురు దిశలో 1010 న్యూటన్లు పడతాయి.

ఇంజిన్ లాగేటప్పుడు టార్క్ డ్రైవ్ షాఫ్ట్ ద్వారా డిఫరెన్షియల్ నుంచి వస్తుంది. అప్‌రైట్‌కు ఆ టార్క్ తగలదు, చక్రం మధ్యలో ముందుకు తోసే బలం మాత్రమే తగులుతుంది. రెండు జాయింట్లూ దాన్ని ఒకే దిశలో, దాదాపు సగం సగం మోస్తాయి. అందుకే ముందు అప్‌రైట్‌కు కింది భాగం బలంగా ఉండాలి. రెండు కేసులకూ ఒకే లోడ్ పెట్టి సిమ్యులేషన్ నడిపితే జవాబు తప్పే.

ఏ బేరింగులు మంచివి?

ఎక్కువ టీములు పెద్ద వ్యాసం, సన్నటి మందం ఉన్న బేరింగులు వాడతాయి. ఉదాహరణకు 61814 నంబరు బేరింగ్. లోపలి వ్యాసం 70 మి.మీ., బయటి వ్యాసం 90 మి.మీ., వెడల్పు 10 మి.మీ. మాత్రమే. వ్యాసం పెద్దదైతే హబ్‌ను లావుగా, లోపల బోలుగా చేసుకోవచ్చు. దాని లాభం కింద హబ్ ప్రశ్నలో చూద్దాం.

డీప్ గ్రూవ్ బేరింగులు చవక, సులువుగా దొరుకుతాయి, పక్క లోడ్‌ను కొంతవరకు మోస్తాయి. యాంగులర్ కాంటాక్ట్ బేరింగుల జతను వీపు వీపు కలిసేలా, అంటే ‘O’ అమరికలో పెడితే, బలాల రేఖలు బేరింగులకు బయట కలుస్తాయి. అసలు దూరం 50 మి.మీ. ఉన్నా అంతకన్నా ఎక్కువ దూరం ఉన్నట్టే మూమెంట్‌ను మోస్తాయి. ముఖాలు కలిసేలా పెడితే దీనికి తిరగబడుతుంది. బిగించేటప్పుడు దిశ తప్పకుండా సరిచూసుకోండి. టేపర్ రోలర్లు బలంగానే ఉంటాయి కానీ బరువు, ప్రీలోడ్ (ముందే ఇచ్చే బిగింపు) సర్దే తలనొప్పి ఎక్కువ.

కేటలాగ్‌లో ఆయుష్షు లెక్క కన్నా స్టాటిక్ రేటింగ్ (తిరగనప్పుడు మోయగల లోడ్) ముందు చూడండి. ఈ కార్లు లక్షల కిలోమీటర్లు తిరగవు. బేరింగ్ అరిగి పోవడం కన్నా ఒక్క గట్టి దెబ్బకు బంతులు రేస్ (అవి దొర్లే గాడి) మీద గుంతలు చేయడమే ఎక్కువ.

బేరింగ్ ఫిట్ ఎంత బిగుతుగా ఉండాలి?

చక్రం మీద లోడ్ దిశ అప్‌రైట్ పరంగా కదలదు, హబ్ మాత్రం తిరుగుతుంది. కాబట్టి హబ్ మీది లోపలి రింగ్ బిగుతుగా ఉండి తీరాలి. లేకపోతే రింగ్ హబ్ మీద మెల్లగా పాకుతూ సీటును తినేస్తుంది. బయటి రింగ్ వదులుగా ఉన్నా పరవాలేదని పుస్తకం చెబుతుంది. అది స్టీలు లేదా పోత ఇనుము హౌసింగ్‌కు సరిపోయే మాట.

అల్యూమినియం అప్‌రైట్‌లో అది పనికిరాదు. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి స్టీలు కన్నా సుమారు 11 మైక్రాన్లు మీటరుకు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. 90 మి.మీ. బోరుకు (బేరింగ్ కూర్చునే రంధ్రం), బ్రేకుల వేడికి 60 డిగ్రీలు పెరిగితే 0.06 మి.మీ. తేడా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చేత్తో నెడితే సరిగ్గా జారిన బేరింగ్, నాలుగు ల్యాపుల తర్వాత బోరులో లొడలొడ ఆడుతుంది. అందుకే హెచ్7 (వదులు ఫిట్) బోరు బదులు ఎన్7 లేదా పీ7 (బిగుతు ఫిట్లు) వైపు వెళ్లాలి. పీ7లో కూడా ఈ సైజుకు గరిష్ఠ బిగింపు 59 మైక్రాన్లే, అంటే ఆ వేడికి దాదాపు అంతా కరిగిపోతుంది. దాంతోపాటు బయటి రింగ్‌ను నిలిపే సర్‌క్లిప్ గానీ బిగించే ప్లేటు గానీ పెట్టండి. బోరు చుట్టూ గోడ మరీ సన్నగా ఉంటే బిగింపు కాగితం మీదే ఉంటుంది, గోడ సాగిపోతుంది.

బిగించేటప్పుడు అప్‌రైట్‌ను వేడిచేసి, బేరింగ్‌ను చల్లబరిచి దించండి. సుత్తి వద్దు. బిగుతు ఫిట్ బేరింగ్ లోపలి ఖాళీని తినేస్తుంది కాబట్టి సీ3 క్లియరెన్స్ (మామూలు కన్నా ఎక్కువ లోపలి ఖాళీ) ఉన్నది అడిగి కొనండి.

బేరింగుల మధ్య స్పేసర్ ఎందుకు అంత కచ్చితంగా ఉండాలి?

‘O’ అమరికలో బయటి రింగులు అప్‌రైట్ లోపలి గట్టుకు ఆనుకుంటాయి. లోపలి రింగులను హబ్ నట్ ఒకదాని వైపు ఒకటి నొక్కుతుంది, స్పేసర్ ఆపుతుంది. స్పేసర్ గట్టు కన్నా పొడవైతే నట్ ఎంత బిగించినా బేరింగ్‌లో ఆట మిగులుతుంది. మరీ పొట్టిదైతే బేరింగ్ నలిగి వేడెక్కుతుంది. కావలసిన తేడా పది ఇరవై మైక్రాన్ల వరసలో ఉంటుంది. గట్టును కొలిచి, ఆ అప్‌రైట్‌కు ఆ స్పేసర్‌ను గ్రైండ్ చేయించి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టుకోవడం మేలు.

హబ్ ఎందుకు విరుగుతుంది? లెక్కలో సేఫ్టీ ఫ్యాక్టర్ బాగానే ఉంది కదా?

మలుపులో వంచే మూమెంట్ దిశ మారదు, హబ్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. అందువల్ల హబ్ మీది ఒకే బిందువు ప్రతి చుట్టులోనూ ఒకసారి లాగుడుకు, ఒకసారి నొక్కుడుకు గురవుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే ఇది కూడా తెగుతుంది. టైరు ఒక చుట్టుకు 1.45 మీటర్లు పోతుంది. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ రేసులో 15 వేల చుట్లు. టెస్టింగ్‌లో 500 కిలోమీటర్లు తిప్పితే దాదాపు మూడున్నర లక్షలు. వాటిలో మలుపుల్లో పడేవన్నీ ఫెటీగ్ సైకిళ్లే. అల్యూమినియానికి ఇంత ఒత్తిడి కింద ఎన్నాళ్లయినా విరగదు అనే స్పష్టమైన హద్దు లేదు. ఈల్డ్ బలంతో (లోహం శాశ్వతంగా వంగిపోయే హద్దు) పోల్చి సేఫ్టీ ఫ్యాక్టర్ 2 వచ్చిందని సంబరపడితే లాభం లేదు.

పగులు దాదాపు ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది. బేరింగ్ సీటు అయిపోయి ఫ్లాంజ్ (చక్రం బిగించే వెడల్పాటి అంచు) మొదలయ్యే మూల అది. మూమెంట్ ఎక్కువగా ఉండేదీ అక్కడే, మూల పదునుగా ఉండేదీ అక్కడే. ఎందుకంటే బేరింగ్ పూర్తిగా ఆనాలంటే హబ్ మూల వ్యాసార్ధం బేరింగ్ అంచు కన్నా చిన్నదిగా ఉండాలి. 61814కు అది 0.6 మి.మీ. కన్నా తక్కువ. 70 మి.మీ. గొట్టం మీద 0.6 మి.మీ. మూల అంటే కత్తిగాటుతో సమానం.

దీనికి చక్కటి మందు ఉంది. బేరింగ్‌కు, ఫ్లాంజ్‌కు మధ్య లోపలి అంచు ఏటవాలుగా కోసిన చిన్న స్టీలు రింగ్ పెట్టండి. అప్పుడు హబ్ మూలకు 3 మి.మీ. వ్యాసార్ధం ఇవ్వవచ్చు, బేరింగ్ ఆ రింగ్‌కు ఆనుకుంటుంది. కొన్ని గ్రాముల ఖర్చుతో హబ్ ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అక్కడ ఉపరితలం నున్నగా ఉండాలి. టర్నింగ్ టూల్ గీతలు, సీరియల్ నంబరు గాట్లు కూడా పగుళ్లకు విత్తనాలే.

హబ్‌కు స్టీలా, అల్యూమినియమా?

ఆకారం తేలకుండా లోహం గురించి వాదించుకోవడం వృథా. 429 న్యూటన్ మీటర్ల మూమెంట్‌కు రెండు హబ్‌లు పోల్చి చూడండి. 30 మి.మీ. ఘన స్టీలు షాఫ్ట్‌లో ఒత్తిడి 162 మెగాపాస్కల్స్. బయట 70, లోపల 60 మి.మీ. ఉన్న అల్యూమినియం గొట్టంలో 28 మాత్రమే. గొట్టం బరువు స్టీలు షాఫ్ట్‌లో దాదాపు సగం. వంగుడుకు ఎదురు నిలిచే శక్తి నాలుగున్నర రెట్లకు పైనే. అల్యూమినియం మెతకదైనా గెలిచింది వ్యాసం వల్ల.

చోటు లేక సన్నటి షాఫ్టే పెట్టాల్సి వస్తే మాత్రం 4340 లేదా ఈఎన్24 లాంటి హీట్ ట్రీట్ చేసిన స్టీలు తప్ప వేరే ఆలోచన వద్దు. వెనక హబ్‌లోనే ట్రైపాడ్ హౌసింగ్ (డ్రైవ్ షాఫ్ట్ చివరి జాయింట్ కూర్చునే గూడు) చెక్కితే రోలర్లు తిరిగే చోట గట్టిపరిచిన స్టీలు ఇన్సర్టులు కావాలి. వట్టి అల్యూమినియం ఆ రాపిడికి ఆగదు.

అప్‌రైట్‌కు 7075 అల్యూమినియం వాడితే 6061 అల్యూమినియం కన్నా దృఢంగా ఉంటుందా?

ఉండదు. బలం ఎక్కువ, అంతే. 7075-టీ6 ఈల్డ్ సుమారు 500 మెగాపాస్కల్స్, 6061-టీ6ది సుమారు 275. కానీ రెండిటి యంగ్స్ మాడ్యులస్ (లోహం దృఢత్వ కొలత) దాదాపు ఒకటే, 70 గిగాపాస్కల్స్ దరిదాపు. ఒకే ఆకారం, ఒకే లోడ్ అయితే రెండూ ఒకేలా వంగుతాయి. మీ అప్‌రైట్‌కు దృఢత్వమే అడ్డంకి అయితే ఖరీదైన దిమ్మ కొన్నా ఫలితం ఉండదు.

ఇంకో మాట. 7075-టీ6ను గట్టిపరిచే వేడి దాదాపు 120 డిగ్రీలే. అంతకు మించి వేడెక్కితే బలం తగ్గడం మొదలవుతుంది. డిస్క్ పక్కనే ఉండే భాగాలకు ఇది గుర్తుంచుకోవాలి. దాన్ని మామూలు వెల్డింగ్ చేయకూడదు కూడా. స్టీలు షీటును కోసి, మడిచి, వెల్డ్ చేసే అప్‌రైట్‌లు పాతకాలపువి అనుకోకండి. మిల్లింగ్ సౌకర్యం లేని టీముకు అవి చాలా మంచి దారి. వెల్డింగ్ అయ్యాకే బేరింగ్ బోరు ఫినిష్ చేయాలన్నది ఒక్కటే షరతు.

ఎంత దృఢంగా ఉంటే చాలు?

డ్రైవర్‌కు తెలియనంత. బాల్ జాయింట్ల మధ్య 200 మి.మీ. దూరంలో పై జాయింట్ 1 మి.మీ. కదిలితే క్యాంబర్ (చక్రం పక్కకు ఒరిగే కోణం) 0.29 డిగ్రీలు మారుతుంది. టో (పైనుంచి చూస్తే చక్రం తిరిగిన కోణం) ఇంకా సున్నితం. టై రాడ్ పాయింట్ స్టీరింగ్ అక్షానికి 70 మి.మీ. దూరంలో ఉంటే అర మిల్లీమీటరు వంగుడుకే 0.4 డిగ్రీలు. సస్పెన్షన్ బృందం ఎంతో కష్టపడి పదో వంతు డిగ్రీల్లో సెట్ చేసిన టో ఇది! నా ఉద్దేశంలో 100 గ్రాములు ఎక్కడ ఖర్చుపెట్టాలని సందేహం వస్తే, టై రాడ్ చెవి మొదట్లో పెట్టాలి. బేరింగుల మధ్య దూరం పెంచడం దాని తర్వాత.

ఎఫ్‌ఈఏలో (కంప్యూటర్‌లో ఒత్తిడి, వంపు లెక్కించే పద్ధతి) ఎక్కడ ఫిక్స్ చేయాలి?

బేరింగ్ బోరును ఫిక్స్ చేసి బాల్ జాయింట్ల దగ్గర లోడ్ పెట్టడం అందరూ చేసే పని. బోరు గోడ అసలు వంగదని ముందే చెప్పేసినట్టు అవుతుంది. వంగేదే అది.

లోడ్‌ను టైరు నేలను తాకే చోట పెట్టి, రిమోట్ ఫోర్స్‌గా హబ్‌కు ఇవ్వండి. పుష్ రాడ్ (స్ప్రింగును తోసే కడ్డీ) కింది విష్‌బోన్ మీద ఉంటే, కింది బాల్ జాయింట్‌ను మూడు దిశల్లో ఆపండి. పైదాన్ని ముందు వెనకలు, పక్కలు రెండు దిశల్లో మాత్రమే ఆపండి, నిలువుగా వదిలేయండి. టై రాడ్ పాయింట్‌ను రాడ్ పొడవు దిశలో మాత్రమే ఆపండి. మూడు, రెండు, ఒకటి కలిపి ఆరు. ఒక వస్తువు కదలగల దిశలు ఆరే కాబట్టి ఎక్కువా లేదు, తక్కువా లేదు. రియాక్షన్లు చేత్తో వేసిన లెక్కతో సరిపోవాలి. బ్రేక్ కేసులో 2700, 1010 రాకపోతే రంగుల బొమ్మ ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

మూల దగ్గర మెష్ (లెక్క కోసం ఆకారాన్ని విడగొట్టే ముక్కలు) చిన్నది చేసినకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే పోతుంటే అది పదును మూల వల్ల వచ్చే కృత్రిమ అంకె. అక్కడ నిజంగా ఉండే ఫిల్లెట్ గీసి మళ్లీ నడపండి.

టోపాలజీ ఆప్టిమైజేషన్ (అక్కర్లేని లోహాన్ని తీసేసి చూపే సాఫ్ట్‌వేర్) వాడాలా?

వాడండి, లోహం ఎక్కడ అక్కర్లేదో అది చెబుతుంది. అది ఇచ్చిన ఎముకల ఆకారాన్ని యథాతథంగా మిల్ చేయించాలని చూడకండి.

నాలుగు స్టడ్లా, సెంటర్ లాక్ నట్టా?

చక్రం మార్చే తొందర ఈ పోటీల్లో పెద్దగా ఉండదు కాబట్టి స్టడ్లు చాలు. చక్రాన్ని పట్టి ఉంచేది స్టడ్ కోత బలం కాదు, బిగింపు వల్ల వచ్చే రాపిడి. 388 న్యూటన్ మీటర్ల టార్క్‌కు 100 మి.మీ. పీసీడీ (స్టడ్లు ఉండే వృత్తం వ్యాసం) మీద 7760 న్యూటన్లు కావాలి. రాపిడి గుణకం 0.15 అనుకుంటే ఒక్కో స్టడ్ సుమారు 13 కిలోన్యూటన్ల బిగింపు ఇవ్వాలి. ఎం8 8.8 గ్రేడ్ స్టడ్ మామూలు ప్రీలోడ్ 16 కిలోన్యూటన్ల దగ్గర ఉంటుంది, అంటే అంచు మీద నడక. ఎం10 అయితే 26. ఎం10కే వెళ్లండి.

సెంటర్ నట్ పెడితే అది వదులైనా నట్, చక్రం ఊడిపోకుండా ఆపే ఏర్పాటు ఉండాలని ఫార్ములా ఎస్‌ఏఈ నియమాలు అడుగుతాయి. రెండో నట్ బిగించి అదే ఏర్పాటు అంటే తనిఖీలో ఒప్పుకోరు. మీరు పాల్గొనే సంవత్సరం నియమావళి దగ్గర పెట్టుకునే డిజైన్ చేయండి.

బ్రేక్ డిస్క్‌ను హబ్‌కు నేరుగా బోల్టు వేయవచ్చా?

200 మి.మీ. స్టీలు డిస్క్ 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం 0.7 మి.మీ. పెరుగుతుంది. నేరుగా బిగిస్తే పెరగడానికి చోటు లేక గొడుగులా వంగుతుంది. వ్యాసార్ధం దిశలో జారే బాబిన్లు (డిస్క్‌ను హబ్‌కు కలిపే చిన్న బుష్‌లు) పెట్టండి. హబ్‌లోకి, బేరింగుల్లోకి పోయే వేడి కూడా తగ్గుతుంది.

రాడ్ ఎండ్‌ను (మర కాడ ఉన్న బంతి జాయింట్) నేరుగా అప్‌రైట్‌కు బిగించవచ్చా?

రాడ్ ఎండ్ మరను వంపుకు గురిచేసే ఏ అమరికా వద్దు. డిజైన్ జడ్జీలు దూరం నుంచే పసిగడతారు. విష్‌బోన్ చివర స్ఫెరికల్ బేరింగ్, అప్‌రైట్ మీద రెండు చెవుల క్లెవిస్, మధ్యలో డబుల్ షియర్‌లో (రెండు వైపులా ఆధారంతో) బోల్టు. ఇదే పద్ధతి. పై క్లెవిస్‌ను విడిగా చేసి బోల్టులతో బిగిస్తే, వెనక షిమ్‌లు (పలచటి రేకులు) పెట్టి క్యాంబర్ మార్చుకోవచ్చు. మన కారులో 1 మి.మీ. షిమ్‌కు 0.29 డిగ్రీలు. టై రాడ్ పాయింట్ కూడా ఆ క్లెవిస్ మీదే ఉంటే షిమ్ మార్చినప్పుడు టో పెద్దగా కదలదు.

తయారీ ఖర్చు ఎలా తగ్గించాలి?

దిమ్మ ఖరీదు కన్నా సెటప్పుల ఖర్చు ఎక్కువ. ముక్కను మెషిన్ మీద ఎన్నిసార్లు తిప్పి బిగించాలో లెక్కపెట్టి, ఆ సంఖ్య తగ్గేలా ఆకారం మార్చండి. కుడి ఎడమలకు ఒకే అప్‌రైట్ పనికొచ్చేలా చేస్తే స్పేర్లు కూడా సగమే చాలు. లోపలి మూలలన్నిటికీ ఒకే కట్టర్ సరిపోయే వ్యాసార్ధం ఇవ్వండి. రెండు బేరింగ్ బోర్లను మాత్రం ఒకే బిగింపులో బోర్ చేయించాలి, అక్కడ బేరం వద్దు.

కారు నడుస్తున్నప్పుడు ఏం చూడాలి?

ప్రతి రన్ తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపి చూడండి. ఆట వేడి మీద ఉండి, చల్లారాక పోతే బోరు ఫిట్ సమస్య. ఎప్పుడూ ఉంటే స్పేసర్ లేదా బేరింగ్. హబ్ నట్ మీద, క్యాలిపర్ బోల్టుల మీద పెయింట్ గీత గీసి ఉంచితే వదులైనది చూడగానే తెలుస్తుంది. హబ్‌లు విప్పినప్పుడల్లా ఫ్లాంజ్ మూలను డై పెనెట్రెంట్‌తో (పగుళ్లను చూపే రంగు ద్రవం) పరీక్షించి, ఏ హబ్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పోటీకి ముందు కొత్త హబ్‌లు వేయాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసి తేల్చుకోవచ్చు. వేసేట్టయితే కొత్త బేరింగులు కుదురుకోవడానికి కనీసం ఒక టెస్ట్ రోజు మిగిలేలా చూసుకోండి.